సిమెంటుకు లెక్క ఉంది, నూనెకు లేదా?

సైటులో పది బస్తాల సిమెంటు లెక్క తప్పితే సాయంత్రంలోగా ఆఫీసు నుంచి ఫోను వస్తుంది. ఎన్ని బస్తాలు దిగాయి, ఎన్ని వాడాం, ఎన్ని మిగిలాయి అన్నది రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి. కాంక్రీటులో నీళ్లు ఎక్కువ పడ్డాయేమోనని స్లంప్ చూస్తాం. క్యూబులు పోసి 7వ రోజు, 28వ రోజు పగలగొట్టి బలం చూస్తాం. ఎవరో ఉండబోయే భవనానికి ఇంత జాగ్రత్త. అదే మేము రాత్రి క్యాంపుకొచ్చి పొయ్యి వెలిగించాక కడాయిలో నూనె పోయడానికి ఏ కొలతా లేదు. డబ్బా వంచిన చెయ్యే కొలత. ఎన్ని లీటర్లు తెచ్చాం, ఎన్నాళ్లు వచ్చింది, అసలు అది ఏం నూనె? అడిగేవాడు లేడు, చెప్పేవాడూ లేడు.

మాకు ఆ లెక్క గుర్తుకొచ్చింది ఆసుపత్రి వరండాలో. రెండేళ్ల కిందటి మాట. మా రూములో జగిత్యాల వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. వయసు 38. రాత్రి రెండింటికి ఛాతీలో మంట అన్నాడు. గ్యాసు అనుకున్నాం. సోడా తాగించాం, వీపు రాశాం. చెమటలు పట్టి ఎడమ చెయ్యి లాగుతోందన్నా పొద్దున చూద్దాంలే అన్నాం. రెండు గంటలు అట్లనే పోయాయి. ఆఖరికి అంబులెన్సుకు ఫోను చేస్తే వాళ్లు పది నిమిషాల్లో వచ్చారు. గుండెపోటు అని తేలింది. స్టెంటు వేశారు, ప్రాణం దక్కింది. ఆరు వారాలకు ఆయన ఇంటికి వెళ్లిపోయాడు. తెచ్చిన అప్పు ఇంకా సగం అట్లనే ఉంది.

డ్యూటీలో ఉన్న మలయాళీ డాక్టరు మమ్మల్ని హిందీలో అడిగాడు. "మీ రూములో ఏ నూనె వాడతారు? మనిషికి రోజుకు ఎంత పడుతుంది?" నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అందులో మెస్ లెక్కలు రాసేది మేమే. ఏ దుకాణంలో డబ్బా రెండు దిర్హాములు తక్కువో చెప్పగలం గానీ ఆ డబ్బాలో ఏముందో చెప్పలేకపోయాం.

ఇక్కడ ఒక మాట తేల్చి చెప్పాలి. గల్ఫులో మనవాళ్ల గుండెలు ఆగిపోవడానికి నూనె ఒక్కటే కారణం అని మేము అనడం లేదు. 45 డిగ్రీల ఎండ ఉంది, చాలని నిద్ర ఉంది, సిగరెట్టు ఉంది, ఇంటి దగ్గరి అప్పు ఉంది. ముప్పై, నలభై ఏళ్ల మనిషి శవపేటికలో తిరిగొస్తే మరణ పత్రంలో 'సహజ కారణాలు' అనో 'గుండె ఆగిపోవడం' అనో రాసి చేతులు దులుపుకోవడం కూడా ఉంది. వాటి మీద పోరాటం వేరే, అది ఆగకూడదు. వండుకున్న తిండిని చూపించి యజమానులు తప్పించుకోవడానికి వీల్లేదు. కానీ ఎండ మన చేతిలో లేదు, డ్యూటీ టైము మన చేతిలో లేదు. కడాయి మాత్రం మన చేతిలో ఉంది. దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు మిగతా దేశాల వాళ్లకంటే తక్కువ వయసులోనే వస్తోందని ఇంటర్‌హార్ట్ అనే పెద్ద అధ్యయనం ఎప్పుడో చెప్పింది. అసలే ముందు వరసలో ఉన్నవాళ్లం. చేతిలో ఉన్నదాన్ని కూడా వదిలేస్తే ఎట్లా?

ముందు ఎంత, తర్వాతే ఏది

నూనె మాట ఎత్తగానే అందరూ అడిగేది ఒక్కటే. "అన్నా, ఏ నూనె మంచిది?" మేము కూడా డాక్టరును అదే అడిగాం. ఆయన నవ్వి, ముందు ఎంత వాడుతున్నారో చూసుకుని రండి అన్నాడు. సివిల్ డిప్లొమా చదివినవాళ్లం, కొలవడం మాకు కొత్త కాదు. కొత్త డబ్బా తెరిచిన రోజు తేదీని మార్కరుతో డబ్బా మీదే రాశాం. 18 లీటర్ల డబ్బా, తినేవాళ్లం ఎనిమిది మంది. సరిగ్గా 30 రోజులకు అడుగంటింది.

లెక్క మీరే చూడండి. 18 లీటర్లను 30 రోజులకు పంచితే రోజుకు 600 మిల్లీలీటర్లు. ఎనిమిది మందికి పంచితే తలకు 75 మిల్లీలీటర్లు. నూనె నీళ్లకంటే తేలిక కాబట్టి బరువులో అది సుమారు 68 గ్రాములు. ఇప్పుడు రెండో అంకె చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి 2010లో ఇచ్చిన సిఫార్సుల్లో వంటలో పోసుకునే నూనె, నెయ్యి కలిపి బరువు పని చేసే మగవాళ్లకు రోజుకు 40 గ్రాములు, మధ్య రకం పని చేసేవాళ్లకు 30, కూర్చుని చేసే పని అయితే 25 అని ఉంది. అంటే సెంట్రింగ్ కొట్టేవాడికి, ఇటుకలు మోసేవాడికి కూడా 40 దాటనక్కర్లేదు. మాలాంటి సూపర్‌వైజర్లు ఫైలు పట్టుకుని తిరిగేవాళ్లు, 30తో సరిపెట్టుకోవాలి. మేమందరం కలిసి మింగుతున్నది 68.

గ్రాము నూనెకు 9 కేలరీలు. ఏ నూనైనా అంతే. ఖరీదైన ఆలివ్ నూనెకూ 9, చౌక పామోలిన్‌కూ 9. 'లైట్' అని సీసా మీద రాసినంత మాత్రాన తగ్గదు. 40 మీద ఎక్కువైన 28 గ్రాములు అంటే రోజుకు 250 కేలరీలు ఊరికే లోపలికి పోతున్నట్టు. దానికి తోడు బయట తినే సమోసా, పరోటా, ఊరి నుంచి వచ్చిన ఆవకాయ మీద తేలే నూనె. ఇవేవీ మా 68లో లేవు.

మరి ఎండలో పన్నెండు గంటలు పని చేసేవాడికి బలం వద్దా అని మా రూములోనే ఒక తమ్ముడు గట్టిగా అడిగాడు. న్యాయమైన ప్రశ్న. బలం కావాలి, నూనె పూర్తిగా మానేయమని ఎవరూ అనడం లేదు. కొన్ని విటమిన్లు ఒంటికి పట్టడానికి కూడా కొవ్వు కావాలి. కానీ బలం అంటే పప్పు, గుడ్డు, చేప, పెరుగు, కడుపునిండా అన్నం. కూర మీద వేలెడు మందాన తేలే నూనె కాదు.

ఏ నూనెలో ఏముంది?

ఇక అందరూ ఎదురుచూసే ప్రశ్నకు వద్దాం. నూనెలన్నీ కొవ్వే అయినా ఆ కొవ్వులో రకాలున్నాయి. సంతృప్త కొవ్వు అనేది ఒక రకం. చల్లబడితే గడ్డకట్టే గుణం దీనిది. నెయ్యి, డాల్డా, కొబ్బరి నూనె చలికాలం పేరుకోవడం మనం చూసిందే. జనవరి చలిలో క్యాంపు వరండాలో పెట్టిన పామోలిన్ డబ్బా అడుగున తెల్లగా మసక కట్టడం కూడా చూసే ఉంటారు. ఈ రకం కొవ్వు ఎక్కువైతే రక్తంలో చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. అది రక్తనాళాల గోడల్లో పేరుకుంటూ పోతుంది. పైపులో సున్నం పట్టినట్టు అనుకోండి. రోజూ తినే మొత్తం కేలరీల్లో సంతృప్త కొవ్వు వాటా పదో వంతు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇప్పుడు నూనెల వారీగా చూద్దాం. 100 గ్రాముల కనోలా నూనెలో సంతృప్త కొవ్వు సుమారు 7 గ్రాములు. సన్‌ఫ్లవర్‌లో 10 నుంచి 12. నువ్వుల నూనెలో 14, 15. పల్లి నూనెలో 17 నుంచి 20. తవుడు నూనెలో 20 నుంచి 25. పామాయిల్‌లో దాదాపు సగం, దాన్నుంచి తీసిన పామోలిన్‌లో అంతకు కాస్త తక్కువ. నెయ్యిలో 60 పైమాటే. కొబ్బరి నూనెలో 85 నుంచి 90 వరకు. పక్క రూము కేరళ సోదరులు కోపం తెచ్చుకోవద్దు, కొబ్బరి నూనెను రోజూ వంటకు వాడొద్దని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో చెప్పింది.

అయితే పామోలిన్ విషమా? కాదు. మన ఊళ్లలో అశ్వారావుపేట, ఏలూరు వైపు రైతులు పామాయిల్ తోటల మీద బతుకుతున్నారు. 2021లో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో ఆయిల్ పామ్ మిషన్ పెట్టాక తెలంగాణలో ఇంకా చాలాచోట్ల మొక్కలు నాటారు. ఆ పంటను, ఆ రైతును తిట్టడం మా ఉద్దేశం కాదు. అప్పుడప్పుడు, కొద్దిగా వాడితే కొంపలేం మునగవు. చిక్కంతా ఎక్కడుందంటే, మన క్యాంపుల్లో పొద్దున ఉప్మా మొదలు రాత్రి కూర దాకా, పైగా బయట తినే పరోటా, బేకరీ బిస్కెట్ దాకా అన్నిట్లో అదే నూనె. అది కూడా రెట్టింపు మోతాదులో. చౌక కాబట్టి చెయ్యి ఆగదు. చెయ్యి ఆగనిచోట సగం సంతృప్త కొవ్వు ఉన్న నూనె ఉంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

మన 'నూనె' అన్న మాటే నువ్వుల నెయ్యి అన్న దాంట్లోంచి వచ్చింది. తాతల నాడు గానుగ ఆడించిన నువ్వులు, పల్లీలు, కుసుమలే వంటింటి నూనె. అప్పుడు నూనె విలువైన సరుకు, గరిటెతో కొలిచి వాడేవాళ్లు. ఇప్పుడు ఊళ్లో మళ్లీ గానుగ నూనె మోజు వచ్చింది. సెలవు నుంచి వచ్చేవాళ్లు సామాన్లో తెస్తున్నారు, సీసా పగిలి బట్టలన్నీ తడిసినవాళ్లూ ఉన్నారు. గానుగ నూనెకు రుచి ఉంది, కాదనం. కానీ అందులోని కొవ్వు, కేలరీలు మామూలు పల్లి నూనెలో ఉన్నవే. బూజు పట్టిన పల్లీలు ఆడిస్తే దాంతో వేరే ప్రమాదం కూడా. నమ్మకమైన చోట తెచ్చుకుంటే మంచిదే, లేదంటే రిఫైండ్ నూనె వాడామని కుమిలిపోనక్కర్లేదు.

అందుకని మా రూములో తేల్చుకున్నది ఇది. కూరలకు, తాలింపులకు సన్‌ఫ్లవర్. అది అయిపోయాక ఒక సీసా కనోలా లేదా తవుడు నూనె. ఒకే నూనెకు అతుక్కుపోకుండా మార్చి మార్చి వాడమని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు కూడా చెబుతారు. సెలవు రోజు వేపుళ్లకు, మిర్చి బజ్జీకి మాత్రం పల్లి నూనె. సన్‌ఫ్లవర్ లాంటివి పదేపదే బాగా మరిగిస్తే తొందరగా చెడిపోతాయి. పల్లి నూనె ఆ వేడికి కాస్త నిలబడుతుంది.

నల్లబడిన నూనెకు సలాం

మా తప్పుల్లో పెద్దది ఇంకొకటి ఉంది. సెలవు రోజు పకోడీలు వేసిన నూనెను పారేయడానికి మనసొప్పేది కాదు. వడకట్టి సీసాలో పోసి, మర్నాడు చేపలకు, మళ్లీ అప్పడాలకు, ఆ తర్వాత తగ్గిందని పైనుంచి కొత్త నూనె కలిపి మళ్లీ పూరీలకు. చూస్తుండగా తారు రంగుకు వచ్చేది. "ఇంకా మస్తుగుంది" అని మేమే అనేవాళ్లం.

నూనె మరిగే కొద్దీ గాలి, తేమ, వేడి కలిసి దాన్ని విరగ్గొడతాయి. అలా పుట్టే పదార్థాలను పోలార్ సమ్మేళనాలు అంటారు. అవి 25 శాతం దాటిన నూనె తిండికి పనికిరాదని భారత ఆహార భద్రత సంస్థ 2018 నుంచి నియమం పెట్టింది. కొలిచే యంత్రం మన దగ్గర లేదు. కానీ కన్ను, ముక్కు ఉన్నాయి. రంగు ముదిరిందా, చిక్కబడిందా, పొయ్యి మీద పెట్టగానే పొగ వస్తోందా, పైన నురగ కట్టి పోవడం లేదా, ముక్కవాసన వేస్తోందా? వీటిలో ఏది కనిపించినా దాని ఆయుష్షు తీరినట్టే. ఒకసారి వేయించాక మిగిలిన నూనె బాగానే ఉంటే వడకట్టి, ఒకటి రెండు రోజుల్లో కూరల తాలింపుకు వాడేయండి. మళ్లీ వేయించడానికి పెట్టకండి. పాతదాంట్లో కొత్తది అసలే కలపకండి. పారబోసేటప్పుడు సింకులో పోయకండి, పైపులు పట్టేస్తాయి. పాత సీసాలో నింపి మూత పెట్టి చెత్తలో వేయండి.

అసలు కిటుకు ఏమిటంటే కడాయి నిండా నూనె పోయకపోవడం. చిన్న కడాయిలో తక్కువ నూనె పోసి విడతలుగా వేయిస్తే మిగిలే నూనే ఉండదు, మిగలకపోతే దాచే పనే లేదు.

నిలవ చేసే తీరు కూడా ముఖ్యమే. పోర్టా క్యాబిన్ బయట ఎండలో డబ్బా పెడితే తెరవకముందే నూనె పాడవడం మొదలవుతుంది. నీడలో, పొయ్యికి దూరంగా, మూత బిగించి ఉంచాలి. నెల రోజులు తెరిచి ఉండే 18 లీటర్ల డబ్బా కంటే రెండు, మూడు లీటర్ల సీసాలు నయం. సీసా చిన్నదైతే చెయ్యి కూడా కాస్త వెనకాడుతుంది.

సీసా వెనక చదవండి

బకాలాలో సీసా ముందు వైపు బొమ్మ చూసి మోసపోవద్దు. 'కొలెస్ట్రాల్ లేదు' అని పెద్ద అక్షరాలతో రాస్తారు. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. పామాయిల్ డబ్బా మీద కూడా ఆ మాట రాసుకోవచ్చు, అబద్ధం కాదు. కానీ అది కొలెస్ట్రాల్ పెంచదని అర్థం కాదు. అలాగే 'వెజిటబుల్ ఆయిల్' అని మాత్రమే ఉంటే వెనక్కి తిప్పండి. పదార్థాల వరసలో మొదట ఏ నూనె పేరుందో అదే ఎక్కువ ఉన్నట్టు. చాలాసార్లు అక్కడ పామోలిన్ కనిపిస్తుంది. అరబ్బీలో జైత్ అంటే నూనె, జైతూన్ అంటే ఆలివ్. మాట దగ్గరగా ఉంది కదా అని ప్రతి జైత్ ఆలివ్ నూనె కాదు.

ఇంగ్లీషు చదవగలిగిన వాళ్లు 'సాచురేటెడ్' అన్న మాట పక్కన అంకె చూడండి, ఎంత తక్కువైతే అంత మేలు. 'పార్షియల్లీ హైడ్రోజనేటెడ్' అన్న మాట కనిపిస్తే సీసా తిరిగి అరలో పెట్టేయండి. ట్రాన్స్ కొవ్వు అందులోంచే వస్తుంది, అది సంతృప్త కొవ్వు కంటే చెడ్డది. ఈ విషయంలో ప్రభుత్వాలు కదిలాయి. ఇండియాలో నూనెలు, డాల్డాల్లో ట్రాన్స్ కొవ్వు 2022 జనవరి నుంచి 2 శాతం దాటకూడదు. సౌదీ అరేబియాకైతే దీన్ని తొలగించినందుకు 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పత్రం ఇచ్చింది, మొదటి విడతలో అది అందుకున్న ఐదు దేశాల్లో సౌదీ ఒకటి. చట్టం తన పని తాను చేస్తుంది. సీసా తిప్పి చూసే పని మాత్రం మనదే.

డబ్బు ఎక్కువ కాదా?

ఇదీ అసలు అభ్యంతరం. జీతంలో సగానికి పైగా ఇంటికి పంపేవాడికి మంచి నూనె విలాసంలా కనిపిస్తుంది. ఇంటికి ఫోను చేసి పిల్లలకు మంచి నూనె వాడమని చెప్తాం, ఇక్కడ మాత్రం అన్నిటికంటే చౌక డబ్బా ఎత్తుకొస్తాం. మేమూ అదే చేశాం. మెస్ లెక్కలో తలకు రెండు మూడు దిర్హాములు తగ్గించి చూపిస్తే అందరూ మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పు కోసమే ఆ డబ్బా కొన్నామని ఒప్పుకోవడానికి సిగ్గుపడటం లేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక కొత్త లెక్క వేశాం. పొద్దున టిఫిను, లంచ్ బాక్సుకు కలిపి ఒక చాయ్ గ్లాసు నూనె, రాత్రి వంటకు ఒక గ్లాసు. గ్లాసు 150 మిల్లీలీటర్లు. రోజుకు 300, నెలకు 9 లీటర్లు. సెలవు రోజు వేపుళ్లకు విడిగా ఒక లీటరు. మొత్తం 10. ఆఫర్ ఉన్నప్పుడు కొన్న 10 లీటర్ల సన్‌ఫ్లవర్, పల్లి నూనెల బిల్లును పాత 18 లీటర్ల పామోలిన్ డబ్బా బిల్లు పక్కన పెట్టి చూశాం. ఎనిమిది మందికి కలిపి తేడా ఐదారు దిర్హాములు. మనిషికి ఒక దిర్హాము కూడా లేదు! ధరలు ఎప్పుడూ ఒకేలా ఉండవు. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో సన్‌ఫ్లవర్ ధర ఎక్కడికి పోయిందో, ఇండోనేషియా ఎగుమతులు ఆపితే పామాయిల్ ఏమైందో చూశాం. అలాంటప్పుడు దొరికిన మంచి నూనె ఏదో అది కొనండి. సూత్రం మాత్రం మారదు. తగ్గించి వాడిన నూనే మంచి నూనె ఖర్చు భరిస్తుంది.

మొదటి వారం రూములో గొడవే. "ఇది కూరనా, ఆసుపత్రి తిండా?" అని కంచం పక్కకు నెట్టినవాడూ ఉన్నాడు. వంట వంతు వచ్చిన ప్రతివాడూ ఒక్కో కిటుకు కనిపెట్టాక దారికొచ్చింది. ఉల్లిగడ్డ అడుగంటుతుంటే నూనె బదులు చెంచాడు నీళ్లు చల్లాలి. చికెన్ తోలు తీసేస్తే చాలు, మిగిలిన కొవ్వుతోనే కూర ఉడుకుతుంది. వంకాయ నూనె మొత్తం పీల్చేస్తుంది, ముందు కుక్కర్లో ఒక విజిల్ పెట్టి తర్వాత మసాలాలో వేయాలి. పప్పుకు నూనె అంతా తాలింపులోనే, ఆఖరున వేస్తే వాసన గుమ్మంటుంది. నెల తిరిగేసరికి కంచం నెట్టినవాడే హోటల్ కూర తిని "నూనె ఎక్కువైంది" అన్నాడు. నాలుక కూడా నేర్చుకుంటుంది.

క్యాంపులో వండుకోలేని వాళ్ల సంగతేమిటి?

కంపెనీ కేటరింగ్ తినే వేలమందికి ఈ గ్లాసు లెక్క పనికిరాదు. అక్కడ నూనె ఎంచేది కాంట్రాక్టరు. కానీ అడగడానికి వీల్లేదని ఏ కాగితంలోనూ లేదు. వెల్ఫేర్ కమిటీ ఉన్నచోట కమిటీలో, లేనిచోట క్యాంపు బాసు దగ్గర అడగండి. ఏ నూనె వాడుతున్నారు, వేయించిన నూనెను ఎన్నిసార్లు తిప్పుతున్నారు, వారంలో ఎన్ని రోజులు వేపుడు పెడుతున్నారు? ఒక్కడు అడిగితే కసురుకుంటారు, యాభై మంది అడిగితే రాసుకుంటారు. ఇక్కడ మాలాంటి సూపర్‌వైజర్లు, ఫోర్‌మన్ల బాధ్యత ఎక్కువ. మాకు భాష వచ్చు, ఆఫీసు మెట్లు ఎక్కే అలవాటు ఉంది. హెల్మెట్ లేకపోతే కూలీని నిలదీసే మేము, అతని కంచంలో ఏముందో ఆఫీసును అడగకపోతే ఆ హెల్మెట్ మాట కూడా ఉత్త ఉద్యోగ ధర్మమే అవుతుంది.

ఇంకో రెండు మాటలు. నూనె మార్చాం కదా అని బీపీ, షుగరు చూపించుకోవడం మానొద్దు. ఎమిరేట్స్‌లో 2025 జనవరి నుంచి అన్నిచోట్లా ప్రైవేటు ఉద్యోగులకు ఆరోగ్య బీమా తప్పనిసరి అయింది. కార్డు పర్సులో పెట్టుకుని తిరగడానికి కాదు. 35 దాటినవాళ్లు ఒకసారి వెళ్లి బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోండి. ఛాతీలో బరువు, చెమట, ఎడమ చెయ్యి లాగడం కనిపిస్తే మాలాగా సోడా తాగిస్తూ కూర్చోకండి. అంబులెన్సు నంబరు ఎమిరేట్స్‌లో 998, సౌదీలో 997, కువైట్‌లో 112, ఖతర్‌లో 999. గోడ మీద పెద్దగా రాసి పెట్టండి.

మా మేస్త్రీ ఇప్పుడు ఊళ్లో చిన్న కిరాణా కొట్టు చూసుకుంటున్నాడు. బరువు ఎత్తొద్దన్నారు, మందులు జీవితాంతం వేసుకోవాలి. ఫోను చేసినప్పుడల్లా రూములో అందరి పేర్లూ అడుగుతాడు, తర్వాత డబ్బా ఎన్నాళ్లొచ్చిందని అడుగుతాడు. ఆ ప్రశ్న అడగడానికి ఒక మనిషి మంచాన పడేదాకా మేము ఆగాం. మీరు ఆగొద్దు. ఈ నెలాఖరున మెస్ లెక్క రాసేటప్పుడు దిర్హాముల పక్కన లీటర్లు కూడా రాయండి. తలకెంత పడిందో భాగించి, అందరూ వినేలా చదవండి.